ముందు మైకు, తర్వాతే కెమెరా

యూట్యూబ్ ఛానెల్ పెట్టాలనుకునే వాళ్లకు ముందు తట్టే ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నదే. మాక్లూర్‌లో ఉన్నా, ఆర్మూర్‌లో ఉన్నా, బోధన్‌లో ఉన్నా అంతే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, కానీ అది రావాల్సిన వరుసలో రావడం లేదు. జేబులో ఇప్పటికే 15 వేల రూపాయల ఫోను ఉంటుంది. దానితో తీసే వీడియోలో లోపం ఎక్కడుందో చూసుకోకుండానే, కిట్ లెన్సుతో కలిపి 60 వేలు దాటే కెమెరాను వాయిదాల మీద తెచ్చుకుంటారు. అందులో ఇరవయ్యో వంతు కూడా పడని కాలర్ మైక్ సంగతి మాత్రం నాలుగైదు వీడియోలు పెట్టాక, "మాట సరిగా వినబడట్లేదన్నా" అని కింద కామెంట్లు వచ్చాక గుర్తొస్తుంది. నిజామాబాద్ జిల్లా నుంచి ఛానెల్ మొదలుపెట్టే మనిషికి ఉన్న అసలు ఆస్తి ఇక్కడి మాట. ఆ మాటను శుభ్రంగా పట్టుకునే పరికరానికే మొదటి రూపాయి ఖర్చు పెట్టాలి. ఆ తర్వాత ఫోను కదలకుండా నిలబెట్టే ట్రైపాడ్, ఆపైన వెలుతురు, వీటన్నిటి తర్వాతే కెమెరా రావాలి.

ఇందుకు రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. పక్కనున్న జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టారు. ఆ ఛానెల్‌ను లక్షల మందికి దగ్గర చేసిన గంగవ్వ అంతకుముందు కూలి పనులకు పోయిన, బీడీలు చుట్టిన మనిషి. 2020లో ఆమె బిగ్ బాస్ తెలుగు నాలుగో సీజన్‌లోకి వెళ్లేనాటికి ఆమె గొంతు, ఆమె యాస, తిట్టులోనూ ప్రేమ పలికే ఆ తీరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గుర్తుపట్టేంతగా పాకిపోయాయి. ఆ వీడియోల్లో ఏ ఫ్రేము ఎంత అందంగా ఉందో చెప్పేవాళ్లు తక్కువ, ఆమె అన్న మాటను అదే యాసలో తిరిగి చెప్పేవాళ్లు ఎక్కువ. దుబాయ్‌లోనో, కువైట్‌లోనో గదిలో పడుకుని ఫోను చూసే మన జిల్లాల వలస కార్మికుడు కూడా ఆ వీడియోల్లో ముందుగా వెతుక్కునేది ఇంటి భాషనే. ఆ గొంతు గాలి హోరులో కలిసిపోతే మిగిలేది పొలాల బొమ్మలు మాత్రమే.

మాట ఎందుకు పోతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆరుబయట దూరం రెట్టింపైతే చేరే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోను ఆరడుగుల దూరంలో ట్రైపాడ్ మీద ఉందనుకుందాం, కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద చొక్కాకు పెట్టారనుకుందాం. ఫోను మైకుకు చేరే గొంతు, కాలర్ మైకుకు చేరే దానిలో దాదాపు 64వ వంతే. చుట్టూ ఉన్న చప్పుడు మాత్రం రెండింటికీ ఒకేలా చేరుతుంది. మన దగ్గర ఆ చప్పుడేమీ తక్కువ కాదు. చెరకు తోటలో ఆకుల గలగల, బోరు మోటారు, రోడ్డు మీద ట్రాక్టర్లు, మార్చి నెలలో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము. పైగా ఫోను తనంతట తానే ధ్వని స్థాయిని సర్దుతుంది. మనిషి మాట ఆపిన ప్రతిసారీ చుట్టూ ఉన్న రొదను పైకి లేపుతుంది. పదివేల రూపాయల ఫోనైనా లక్ష రూపాయల కెమెరా అయినా, మైకు దూరంగా ఉన్నంతకాలం ఇదే గతి. కెమెరా లోపల ఉండే మైకు కూడా ఆరడుగుల దూరంలోనే ఉంటుంది కదా.

కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగే. వెయ్యి రూపాయల లోపు వైరున్న కాలర్ మైక్ దొరుకుతుంది. ఒక్కరే కూర్చుని మాట్లాడే వీడియోకు అది చాలు, చార్జింగ్ గొడవ కూడా ఉండదు. నడుస్తూ మాట్లాడాలన్నా, ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించాలన్నా రెండు ట్రాన్స్‌మిటర్లున్న వైర్‌లెస్ సెట్టు కావాలి. కొత్త ఫోన్లలో చాలావాటికి గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండదు కాబట్టి మైకు పిన్ను టైప్-సి అవునో కాదో ముందే చూసుకోవాలి. గాలిని ఆపే బొచ్చు తొడుగు పెట్టెలో లేకపోతే విడిగా కొనాలి, అది లేని మైకు పొలం గట్టు మీద పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, దుకాణం ముందు రోడ్డు మీదే నిలబడి ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని కొనాలి. డబ్బా మీద రాసిన మాటలకన్నా ఆ నిమిషమే నిజం చెబుతుంది.

సినిమా వాళ్లకు ఈ క్రమం ముందునుంచీ తెలుసు. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చాక ఫోటోల కెమెరాతో సినిమా తీయొచ్చన్న ధైర్యం వచ్చింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ ఆ తరహా చిన్న కెమెరాలతో, కొద్దిమంది బృందంతో, ఐదు రోజుల్లో 'దొంగల ముఠా' తీశారు. కుర్రవాళ్లు దాన్నుంచి తీసుకున్న పాఠం ఆ కెమెరా కొనాలన్నదే అయింది. అంతకన్నా పనికొచ్చే పాఠం 2015లో సండాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శించిన అమెరికన్ చిత్రం 'టాంజరిన్'లో ఉంది. దర్శకుడు షాన్ బేకర్ దాన్ని ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. అయితే సంభాషణల్ని ఫోనుకు వదిలేయలేదు, ధ్వని నిపుణులతో వేరే పరికరాల మీద రికార్డు చేయించారు. డబ్బు లేనప్పుడు బొమ్మ దగ్గర తగ్గొచ్చు గానీ మాట దగ్గర తగ్గకూడదని ఆ సినిమా చేసి చూపించింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. కెమెరా సెన్సర్ ఫోను సెన్సర్ కన్నా చాలా పెద్దది. మామూలు ఏపీఎస్-సీ కెమెరా సెన్సర్ విస్తీర్ణం మంచి ఫోనులోని సెన్సర్‌కు ఆరేడు రెట్లు ఉంటుంది, చౌక ఫోనుతో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువ. అంత ఎక్కువ వెలుతురు పడుతుంది కాబట్టి రాత్రి బతుకమ్మ ఆట, ఫంక్షన్ హాలులో పెళ్లి, స్టేజీ మీద నాటకం లాంటివి ఫోనుతో తీస్తే మచ్చలు మచ్చలుగా వస్తాయి. ఇది కాదనలేని నిజం. రాత్రి పూట కార్యక్రమాలే మీ ఛానెల్ విషయమైతే, లేదా దూరం నుంచి పక్షుల్ని, ఆటల్ని తీయాలంటే కెమెరా ముందుగా రావాల్సిందే. కానీ మన ఛానెళ్లలో ఎక్కువ భాగం వంటలు, సాగు, ఊరి కథలు, హాస్యం, పాఠాలు, ఊళ్ల విశేషాలు. ఇవన్నీ పగటి వెలుతురులో తీసేవే. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు దాటాక మనకు దొరికే ఎండను ఏ లైటూ ఇవ్వలేదు. వంటింట్లో తీస్తే కిటికీకి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టాలి. ఇంట్లో ఎల్ఈడీ బల్బుల కింద వీడియోలో చారలు కదులుతుంటే అది ఫోను లోపం కాకపోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, షట్టర్‌ను 1/50 లేదా 1/100కు కట్టేస్తే చాలావరకు పోతుంది. వెనుక కెమెరా వాడటం, ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయడం, లెన్సు తుడవడం, వీటికి పైసా ఖర్చు లేదు. పైగా ఆ వీడియో చూసేది చేతిలో పట్టే తెర మీద, అదీ యూట్యూబ్ ఒకసారి కుదించి పంపాక.

4కే అన్న మాట వినగానే కొత్త ఫోను కోసం పరిగెత్తడమూ ఇలాంటిదే. 4కేలో ఒక్క నిమిషం ఫోనును బట్టి 170 నుంచి 350 ఎంబీ దాకా తింటుంది, 1080పీలో అందులో సుమారు మూడో వంతే. నిజామాబాద్ మే నెల ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోవడానికి 4కే కూడా ఒక కారణం. నీడలో పెట్టి, వెనక తొడుగు తీసి, చార్జింగ్ పెట్టకుండా 1080పీలో తీస్తే చాలాసేపు పని చేస్తుంది. కెమెరా అయితే వేడెక్కదనుకోవద్దు. చిన్న మిర్రర్‌లెస్ బాడీలు కూడా 4కేలో వేడికి ఆగిపోతాయి.

డబ్బు లెక్క ఇంకా సూటిగా ఉంది. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూసినా 60 వేల వ్యూస్ కావాలి. అక్కడికి చేరడానికి కొందరికి ఆరు నెలలు పడుతుంది, కొందరికి రెండేళ్లు, కొందరు చేరనే చేరరు. వాయిదా మాత్రం వచ్చే నెల ఐదో తారీఖుకే వస్తుంది. బీడీలు చుట్టే అమ్మ సంపాదన మీద, గల్ఫ్ నుంచి నాన్న పంపే డబ్బు మీద ఆ వాయిదా పడటం నాకు అన్యాయంగా తోస్తుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఒక్క రాత్రిలో లక్షల మంది వీక్షకుల్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు. వేదికలు మారుతుంటాయి, అడ్డం వీడియోలు నిలువు వీడియోలవుతాయి. మూడు వేల మైకు ఆ మార్పులన్నిటికీ తట్టుకుంటుంది.

"కెమెరా ఉంటే పెళ్లిళ్లు కూడా తీసి సంపాదించుకోవచ్చు కదా" అని అడిగేవాళ్లకు నా జవాబు: తప్పకుండా, అది నిజమైన వృత్తి. కానీ దాన్ని ఛానెల్ ఖర్చులో కలపకుండా వేరే వ్యాపారంగా లెక్క వేయండి. పెళ్లి పనికి రెండు కార్డులు పట్టే బాడీ, అదనపు బ్యాటరీలు, మంచి లెన్సు, ఒక ఫ్లాష్ కావాలి. ముహూర్తం మళ్లీ రాదు కాబట్టి చౌక కిట్ కెమెరాతో అందులో దిగడం ప్రమాదం. ముందు ఒక సీజన్ ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేసి, అద్దె కెమెరా వాడి, తర్వాత కొనడం మేలు.

ఈ వాదన వెనక నాకు ఇంకో ఆరాటం ఉంది. 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్లు, దానికి బండ్ల మీద చెరకు తోలినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. గానుగాట సీజన్ ఎలా నడిచేదో, షిఫ్టు సైరన్‌కు ఊరు ఎలా కదిలేదో వాళ్లే చెప్పాలి. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌కు వచ్చింది, పసుపు రైతుల పోరాటం మీద మాట్లాడగలిగిన పెద్దలూ ఇక్కడే ఉన్నారు. ఇవన్నీ ముసలి గొంతులు, సన్నని గొంతులు. ఆరడుగుల దూరంలోని మైకుకు అందవు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం గానీ, నిజామాబాద్, బోధన్, ఆర్మూర్‌లలోని డిగ్రీ కాలేజీలు గానీ రెండు వైర్‌లెస్ మైకులు, ఒక ట్రైపాడ్, ఒక చిన్న లైటు ఉన్న సంచీని లైబ్రరీ పుస్తకంలా విద్యార్థులకు వారం రోజులు ఇవ్వొచ్చు. ఒక మామూలు కెమెరా ధరకు అలాంటి సంచులు ఎనిమిదో పదో వస్తాయి. వచ్చే వేసవి సెలవుల్లోపు ఒక్క కాలేజీ మొదలుపెట్టినా, ఆ సంచీ పట్టుకుని బోధన్ వెళ్లే పిల్లలు దొరుకుతారు.