మాస్టారి కబుర్లు: పెద్దల పేర్లు



సంక్రాంతిని మనవైపు పెద్దపండుగ అంటారు. పండుగలన్నిటిలోకి పెద్దది గనక ఆ పేరు వచ్చిందని మీరు అనుకుంటారు. నిజమే. కాని ఇంటి పెద్దలను తలుచుకునే పండుగ గనక పెద్దపండుగ అని చెప్పేవారు కూడా ఉన్నారు.

ఆనాడు నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న బోడిగాడితోటకు వెళ్లి చూడండి. అది శ్మశానం. అయినా ఆ రోజున అక్కడ ఎవరి ముఖంలోనూ భయం కనిపించదు. చంకలో బిడ్డలతో సహా ఇంటిల్లిపాదీ వస్తారు. సమాధుల చుట్టూ మొలిచిన గడ్డి పీకుతారు. సమాధులను కడిగి, పూలు పెట్టి, దీపం వెలిగిస్తారు. పోయినవారికి ఏది ఇష్టమో అది ఆకులో వడ్డించి, దణ్ణం పెట్టుకుంటారు. మరికొందరు ఇంట్లోనే పెద్దల పటం ముందు కొత్తబట్టలు పెట్టి మొక్కుతారు.

ఇది కాక భాద్రపద మాసంలో పితృపక్షం వస్తుంది. ఆ పక్షం చివర మహాలయ అమావాస్యనాడు పెన్నలోనో, సముద్రంలోనో స్నానం చేసి, పెద్దల పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదులుతారు. నవంబరు 2న క్రైస్తవులు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబే బరాత్ రాత్రి ముస్లిములు తమవారి గోరీల దగ్గరకు వెళ్లి ప్రార్థన చేస్తారు.

సరిగ్గా మన సంక్రాంతి సమాధుల పూజను పోలిన పండుగ చైనాలో ఉంది. దాని పేరు చింగ్‌మింగ్. ‘నిర్మలం, ప్రకాశం’ అని ఆ మాటకు అర్థం. ఏప్రిల్ 5 ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు చైనావారు పెద్దల సమాధుల దగ్గరకు వెళ్లి, కలుపు పీకి, ఊడ్చి, పళ్లూ వంటకాలూ పెట్టి, అగరువత్తులు వెలిగించి, మూడుసార్లు వంగి నమస్కారం చేస్తారు. 2008 నుంచి ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు కూడా.

ఇంకొక పోలిక చూడండి. మన ఉగాది, దీపావళి చంద్రుణ్ణి బట్టి వస్తాయి. అందుచేత వాటి తేదీలు ఏటా మారుతూ ఉంటాయి. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది గనక జనవరి 14, 15 తేదీలు దాటిపోదు. చైనావారి కొత్త సంవత్సరం కూడా చంద్రుణ్ణి బట్టే వస్తుంది. చింగ్‌మింగ్ మాత్రం మన సంక్రాంతిలాగే సూర్యుడి పండుగ. మార్చిలో రాత్రీ పగలూ సమానమైన రోజు నుంచి పదిహేను రోజులు లెక్కపెడితే అది వస్తుంది.

పెద్దల పూజ చైనాలో ఎంత పాతదో తెలుసునా? మూడువేల ఏళ్ల పైమాటే. ఆ కాలంలో షాంగ్ వంశపు రాజులు ఏ చిక్కు వచ్చినా పోయిన పెద్దలనే అడిగేవారు. తాబేలు డిప్పకో, ఎద్దు భుజం ఎముకకో చిన్న గుంటలు తొలిచి, నిప్పుతో కాల్చేవారు. ఎముక చిటపటమని పగిలేది. ఆ పగుళ్ల తీరును చూసి, పెద్దలు ఏమి జవాబు చెప్పారో ఊహించేవారు. అడిగిన ప్రశ్నను పక్కనే చెక్కేవారు. వూ డింగ్ అనే రాజుకు పన్ను నొప్పి పుడితే, ఇది ఏ పెద్దకు కోపం వచ్చినందువల్లనో అని అడిగిన ఎముకలు దొరికాయి!

తరవాత ఆ ఎముకల సంగతి లోకం మరిచిపోయింది. పొలాల్లో దొరికినవాటిని డ్రాగన్ ఎముకలని మందుల దుకాణాల్లో అమ్మేవారు. వాటిమీద ఉన్నది పాత లిపి అని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. ఏ పెద్దకు ఏ రోజు నైవేద్యం పెట్టాలో ఆ రాతల్లో ఉంది. అందుచేత రాజుల పేర్లు వరసగా దొరికాయి. సుమారు 2,100 ఏళ్ల కిందట సిమా చియెన్ అనే చరిత్రకారుడు షాంగ్ రాజుల పట్టీ ఒకటి రాశాడు. అది కట్టుకథేమోనని అనుమానించినవారు ఉన్నారు. ఎముకల మీది పేర్లతో పోల్చి చూస్తే ఆ పట్టీ చాలావరకు సరిపోయింది. పెద్దలకు అన్నం పెట్టడం కోసం రాసుకున్న పేర్లు ఒక దేశచరిత్రకు సాక్ష్యం చెప్పాయన్నమాట.

చైనాలో ఇళ్లకు వంశావళి పుస్తకాలు కూడా ఉంటాయి. కన్ఫ్యూషియస్ అనే జ్ఞాని వంశావళిని 2009లో మళ్లీ అచ్చువేశారు. అందులో 20 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఆ వంశపు ఆడవారి పేర్లు చేర్చడం అదే మొదటిసారి.

మరి మన సంగతి? తర్పణం విడిచేవారు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెబుతారు. తల్లివైపు వారినీ తలుస్తారు. లెక్క వేయండి. అమ్మానాన్నలు 2, వారి అమ్మానాన్నలు 4, వారి అమ్మానాన్నలు 8. మొత్తం 14 పేర్లు.

బడిలో పనిచేసిన రోజుల్లో నేను పిల్లలచేత ఈ 14 పేర్లు రాయించేవాణ్ణి. తాతల పేర్లు గబగబా రాసేవారు. అవ్వల దగ్గరకు వచ్చేసరికి కలం ఆగిపోయేది. పేరు రాయవలసిన చోట ‘అవ్వ’ అని రాసి ఊరుకున్నవాడిని, “అవ్వ పేరేమిటిరా?” అని అడిగితే, “అవ్వ పేరు అవ్వే సార్!” అన్నాడు. క్లాసంతా నవ్వింది. కాని మర్నాడు చూస్తే, నవ్విన వాళ్లలో కూడా అమ్మమ్మ వాళ్లమ్మ పేరు రాసుకొచ్చినవారు ఇద్దరో ముగ్గురో. ఆమె అరిసెలు బాగా వండేదని తెలుసు, ఏ ఊరినుంచి కాపరానికి వచ్చిందో తెలుసు, పేరు మాత్రం తెలియదు. అలాంటి పేరు తెలిసినవారు ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటారు. ఆ ఒక్కరూ పోతే, ఇక ఆ పేరు చెప్పగలవారు ఎవరూ ఉండరు.

అందుచేత ఈ నెల మీకు ఒక పని. ఒక పెద్ద కాగితం మీద 14 గడులు గీయండి. అన్నిటికన్నా కింద మీ పేరు రాయండి. అమ్మానాన్నలను అడిగి పైగడులు నింపండి. పెంచినవారు ఉంటే వారి పెద్దల పేర్లే రాయండి, వారే మీ పెద్దలు. ప్రతి పేరు పక్కన ఊరూ, చేసిన పనీ రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఉంటే, ఊళ్లో మీ ఇంటి సంగతులు ఎరిగిన ముసలివారి దగ్గరకు వెళ్లి అడగండి. ఆడవారి గడులు ముందుగా నింపండి.