కావలివాని ఎంపిక

ఉన్నత పదవికి ఒకరిని ఎంపిక చేసేవారికి ఆ వ్యక్తి గురించి తెలిసేది చాలావరకు తమ ముందుకు వచ్చిన కాగితాల ద్వారానే. ఆ కాగితాలలో ముఖ్యమైనవి కొన్ని లోపిస్తే ఏమవుతుంది?

అమెరికాలో అధ్యక్షుడు ప్రతిపాదించిన మంత్రులను సెనేట్ సంఘం బహిరంగంగా ప్రశ్నిస్తుంది; ఆపైన సభ ఓటు వేస్తుంది. 1989లో రక్షణమంత్రి పదవికి ప్రతిపాదితుడైన జాన్ టవర్‌ను, ఆయన పూర్వం సభ్యుడుగా ఉన్న సెనేటే 53–47 ఓట్లతో తిరస్కరించింది.

భారతదేశంలో అటువంటి బహిరంగ విచారణ లేదు. కేంద్రోద్యోగుల అవినీతిపై కన్ను వేసి ఉంచే కేంద్ర విజిలెన్స్ కమిషనర్ సంగతే చూడండి. 2003 నాటి చట్టం ప్రకారం ప్రధానమంత్రి, హోంమంత్రి, లోక్‌సభ ప్రతిపక్షనేత సభ్యులుగా గల సంఘం ఒక పేరును సిఫారసు చేస్తుంది, రాష్ట్రపతి నియమిస్తారు. తలుపులు మూసిన గదిలో ముగ్గురు, వారి ముందు కొన్ని కాగితాలు. అంతే.

2010 సెప్టెంబరులో ఆ సంఘం ముందుకు మూడు పేర్లు వచ్చాయి. వారిలో ఒకరైన పి.జె. థామస్, కేరళలో 1990 దశకం ఆరంభంలో జరిగిన పామోలిన్ దిగుమతి కేసులో నిందితులలో ఒకరు. ప్రతిపక్షనేత సుష్మా స్వరాజ్ అభ్యంతరం చెప్పారు. తక్కిన ఇద్దరి మాట నెగ్గింది. థామస్ పదవీస్వీకారం చేశారు.

వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2000–2004 మధ్య ఆయనపై శాఖాపరమైన చర్య తీసుకోవాలంటూ కేంద్ర సిబ్బంది శాఖలోనే వ్రాసిన నోట్స్‌ను సంఘం పరిగణనలోకి తీసుకోలేదని విచారణలో తేలింది. అభ్యర్థుల ఉద్యోగ వివరాలకే ప్రాధాన్యం దక్కింది. 2011 మార్చి 3న న్యాయస్థానం ఆ సిఫారసు చెల్లదని తీర్పు చెప్పింది.

థామస్ దోషి అని న్యాయస్థానం అనలేదు. ఆయన వ్యక్తిగత నిజాయతీ కంటే, ఆయన రాకవల్ల ఆ సంస్థపై ప్రజల విశ్వాసం నిలుస్తుందా అన్నదే గీటురాయి అన్నది. అభ్యర్థికి సంబంధించిన సమాచారమంతా సంఘం ముందుంచాలని, విభేదించిన సభ్యులు కారణాలు తెలపాలని, వారి మాటను త్రోసిపుచ్చేవారు కూడా కారణాలు వ్రాయాలని నిర్దేశించింది. అయితే ఏ ఒక్క సభ్యునికీ వీటో అధికారం ఇవ్వలేదు.

దొంగలపై కావలికి మనిషిని పెట్టేటప్పుడు పల్లెటూరి రైతు సైతం నలుగురినీ విచారిస్తాడు. దేశపు ఖజానాకు కావలిని నియమించేవారు ఆ పాటి శ్రద్ధ వహించాలని గుర్తుచేయడానికి సుప్రీంకోర్టు తీర్పు అవసరమైంది.