ఇత్తడిపని – ఇంతిచేతి నేర్పు

ఈ మాసము మేము వంటను గూర్చిగాని అల్లికను గూర్చిగాని వ్రాయబోవుట లేదు. ఆవిరియంత్రముల చిన్న నమూనాలకు ఇత్తడి అమరికలు చేయు పనిని గూర్చి వ్రాయుచున్నాము. మగవారి పని మనకేల యని పుట త్రిప్పబోవువారు ఒక్క క్షణ మాగుదురు గాక.

ఇంగ్లండులో ఈ విద్యకు ఆదరము మెండు. 1898లో పర్సివల్ మార్షల్ అనువారు దీనికై లండనులో ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రికనే స్థాపించిరి. అంగుళమునకు 40 చుట్లు గల సన్నని మరకు నేటికిని ఆ పేరే వాడుక.

బాయిలరు మీది రక్షణకవాటమును దీసికొందము. మన ప్రెషరుకుక్కరు మూతపైని బరువు చేయు పనియే దానిదియు: ఆవిరి మితిమీరినప్పుడు దారి యిచ్చి, బాయిలరును పగులనీయదు. పరిమాణము చిటికెనవ్రేలి కణుపంత. ఇత్తడికడ్డీని తరిమెనకు, అనగా లేతుయంత్రమునకు, బిగించి త్రిప్పుచు ఉలితో చెక్కుదురు. ఉక్కును చెక్కు ఉలి యిందుకు పనికిరాదు. దాని పైముఖము వాలుగా నుండుటచే ఇత్తడిలోనికి ఒక్కసారిగా దిగబడి పనిని చెరచును. కావున చదునుగా నూరిన ఉలిని వాడుదురు. కొంచెము సీసము కలిసిన ఇత్తడి చమురు లేకయే చక్కగా తెగును. నడుమ రంధ్రము తొలిచి, దాని అంచున ఉక్కుగోళి నుంచి, మెల్లగా ఒక్కదెబ్బ వేయుదురు. అప్పుడేర్పడు వెండ్రుకవాసి యంచే ఆవిరిని నిలుపునది. దెబ్బ హెచ్చినచో అంచు వెడల్పై కవాటము కారును.

బాయిలరు రేకులో వెండిటంకముతో అతుకు మరకట్టును మాత్రము ఇత్తడితో చేయరాదు. వేడినీటి సాంగత్యమున ఇత్తడిలోని తుత్తునాగము క్రమముగా కరగిపోయి రాగి బొరుసై మిగులును. చూపునకు గట్టిగనే యుండును, లోపల బలముండదు. అచ్చట కంచే శ్రేష్ఠము.

ఇంతకును ఈ విద్యలో జగత్ప్రసిద్ధి గాంచిన హస్తము ఎవరిదందురు? 1931లో ఇంగ్లండున జన్మించిన చెర్రీ హిల్ అను స్త్రీది! ఆమె తండ్రి పనిశాలలో నేర్చి, విక్టోరియారాణి కాలపు ఆవిరిబండ్లను పెక్కింటిని పదునారవవంతు పరిమాణమున, పోతభాగములు కొనక స్వయముగా చెక్కి నిర్మించెను. ఎడింబరో డ్యూకు పేరిటి బహుమానము ఆమెకు తొమ్మిదిసార్లు దక్కినది.

మన యిండ్లలోనో, కుట్టుమిషనును ఊడదీసిన బాలికను చేతులు నల్లబడునని కసరుదురు. ఆ పనియే తమ్ముడు చేసినచో ఇంజనీరగునని మురియుదురు. ఈ పక్షపాతము మాకు సమ్మతము కాదు. సూదిబెజ్జము నెరుగు చూపు, తీగపాకము నెరుగు వ్రేళ్లు కావలసిన పనికి ఆడుపిల్ల యెట్లు అనర్హురాలు? ఐ.టి.ఐ.లలో టర్నరు తరగతికి బాలికలను చేర్చుకొనుచున్నారు. పదవతరగతి ముగించిన కుమార్తె కోరినచో, దరఖాస్తు గడువు దాటకముందే వెంటబెట్టుకొని పోయి ఆ తరిమెనను చూపుడు. పోవునాడు జడను కొప్పుగా ముడిపించి, గాజులు తీయించి, చున్నీ నింటనే యుంచుడు. ఇత్తడిపొట్టు సూదులవలె ఎగురును. కన్నులకు అద్దములు మరువకుడు.