ఒక పురుగు చెప్పిన పాఠం

"ఇది పరీక్షకు వస్తుందా? దీనివల్ల ప్రయోజనమేమిటి?" అన్న ప్రశ్నలు మన తరగతి గదులలో తరచుగా వినవస్తాయి. అడగడం తప్పు కాదు. కాని ప్రయోజనం ఎన్నడూ ముందుగా చెప్పి రాదు.

మట్టిలో బ్రతికే మిల్లీమీటరు పొడవైన ఒక పురుగు ఎదుగుదలను అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ పరిశోధించారు. 1993లో అందులో 22 న్యూక్లియోటైడ్లు మాత్రమే గల మైక్రో ఆర్‌ఎన్‌ఏ బయటపడింది. అది ప్రొటీనుగా మారదు. ప్రొటీను తయారీకై జన్యువు పంపే సందేశాన్ని అడ్డుకొంటుంది. అది ఆ పురుగు ప్రత్యేకతేనని పలువురు తలచారు. 2000లో అటువంటిదే మరొకటి మానవులలోనూ ఉన్నదని తేలింది.

2008లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, కొందరు ఆల్జీమర్స్ రోగుల మెదడులో మిర్-29 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గి, బేస్-1 అనే ఎంజైము పెరిగింది. మెదడులో పేరుకొనే అమిలాయిడ్ బీటా తయారీకి తొలి కోత వేసేది ఆ ఎంజైమే.

ఈ తగ్గుదల వ్యాధికి కారణమా, ఫలితమా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. దీనిపై ఆధారపడిన చికిత్స రోగులకు ఇంకా అందలేదు. కన్నబిడ్డను గుర్తించలేని తల్లి ఉన్న ఇంటివారికి దీనిని దివ్యౌషధమని చెప్పడం ద్రోహమే. అయినా, వెదకవలసిన చోటు ఒకటి తెలిసింది. "పురుగుతో పనేమిటి?" అని ఆనాడే ఆపివేసి ఉంటే, ఈ దారి ఇంకెన్నాళ్ళు మూసుకొని ఉండేదో!

ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి 2024లో లభించింది. అంటే 31 సంవత్సరాలకు. విద్యార్థి మిత్రులారా, ప్రశ్నించండి. కాని జవాబు కొరకు ఓపిక పట్టండి. కళాశాల పెద్దలు కూడ ప్రయోగశాలను మార్కుల లెక్కతో మాత్రమే కొలవకుందురు గాక!