గోడకెక్కిన బొంత

వారసత్వ సంపద అనగానే మనకు స్ఫురించేది మ్యూజియంలోని గాజు బీరువా. అందులో ఒక పాత వస్తువు, దాని ప్రక్కన ఒక చీటీ, 'తాకరాదు' అనే హెచ్చరిక. మ్యూజియంలు అవసరమే; అవి లేకపోతే ఎన్నో అపురూప వస్తువులు మట్టిపాలయ్యేవి. కాని వారసత్వాన్ని వాటికి అప్పగించి మనం చేతులు దులుపుకోవచ్చునా? తగదనడానికి అమెరికా పల్లెసీమ నుండి ఒక నిదర్శనం చూపదలచాను.

ఒహాయో రాష్ట్రంలోని ఆడమ్స్ కౌంటీలో 1989లో డోనా స్యూ గ్రోవ్స్ అనే మహిళ, ఆమె తల్లి నీనా మాక్సీన్ కలిసి ఒక పొలం కొన్నారు. అందులో పొగాకు ఆరబెట్టే పాత కొట్టం ఒకటి ఉన్నది. తల్లి క్విల్టులు కుట్టడంలో నేర్పరి. గుడ్డముక్కలను నక్షత్రాలుగా, చతురస్రాలుగా అతికి కుట్టే దుప్పటినే అక్కడ క్విల్టు అంటారు. ఆ కొట్టం గోడపై క్విల్టు నమూనా ఒకటి రంగులతో వేయిస్తానని కుమార్తె తల్లికి మాట ఇచ్చింది. కాలక్రమాన ఆ మాట ఊరందరి కార్యమైంది. ఒక్క గోడతో ఆగక, దారి వెంబడి 20 నమూనాలు నెలకొల్పాలని సంకల్పించారు. 2001లో 'ఒహాయో నక్షత్రం' అనే నమూనా మొదటగా వెలసింది. సాధారణంగా 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల చెక్కపలకపై వేసే ఈ చిత్రాలు నేడు 40కి పైగా రాష్ట్రాలలోను, కెనడాలోను కనిపిస్తాయి.

ఇంచుమించు అదే కాలంలో మరొక వేడుక పుట్టింది. అమెరికా రక్షణశాఖ ఉపగ్రహ సంకేతాలలో పౌరులకు కావాలని కల్పిస్తున్న లోపాన్ని 2000 మే నెల మొదట్లో తొలగించారు. వెంటనే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే వ్యక్తి అడవిలో ఒక బకెట్టు దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. దానినే నేడు జియోక్యాషింగ్ అంటున్నారు. దాచిన పెట్టెను కనుగొన్నవారు అందులోని పుస్తకంలో పేరు వ్రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే అంతటి విలువైనది మరొకటి ఉంచాలి.

క్విల్టుల బాటపై ఇటువంటి పెట్టెలు దాచినచో, మ్యూజియం ప్రయాణానికి ముగింపు కాక ఆరంభమవుతుంది. అయితే ఇది పిల్లల ఆట కదా అని పెదవి విరిచేవారుండవచ్చు. వారి శంకలో కొంత సత్యం లేకపోలేదు. పరికరంపైనే చూపు నిలిపి నడిచేవానికి పెట్టె దొరుకుతుంది గాని నక్షత్రం కనబడదు. కొట్టం ఒక రైతు సొత్తు. అతని అనుమతి లేనిదే పొలంలో అడుగుపెట్టరాదు. కనుక పెట్టెను బాట ప్రక్కనే ఉంచి, దానిని చేర్చే అంకెలను గోడపైని ముక్కల లెక్క నుండి రాబట్టేలా చేయాలి. అప్పుడు వెతికేవాడు తప్పక తల ఎత్తుతాడు.

నన్ను కదిలించినది మాత్రం ఆ కుమార్తె ఇచ్చిన మాట. తెలుగులో బొంత, ఉర్దూలో గుదడీ అని మనం పిలిచేది క్విల్టుకు తోబుట్టువే. ఎం.ఏ. చదివే రోజుల్లో మా అమ్మీ కుట్టి ఇచ్చిన బొంతను హాస్టలు గదిలో పరచడానికి సిగ్గుపడి ట్రంకుపెట్టె అడుగున దాచాను. అందులో ఏ ముక్క ఎవరి చీరదో, ఎవరి లుంగీదో చెప్పగలిగినది అమ్మీ ఒక్కతే. నేను ఇంతవరకు అడిగి వ్రాసుకోలేదు. ఏ మ్యూజియం ఆ పని నా బదులు చేయగలదు?

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఇంటి బొంతను విప్పి, కుట్టిన వారి ప్రక్కన కూర్చొని ముక్క ముక్కకూ వివరం వ్రాసుకోండి. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: రానున్న వార్షికోత్సవంలో ఒక గోడను ఈ బొంతలకు కేటాయించండి. ప్రతి బొంత క్రింద కుట్టిన తల్లి పేరు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించండి. ఆ పేరు చూసుకోవడానికి ఆమెను కూడా ఆహ్వానించండి. మా అమ్మీని నేను వెంటబెట్టుకొని వస్తాను.