కరెంటొచ్చింది... నెట్ ఏదీ?

విశాఖలో కరెంటు పోతే ఇన్వర్టరు కుయ్‌మంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అరకులోయలో సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ కాసి సాయంత్రానికి ఉరుములూ మెరుపులూ మొదలయ్యాయంటే, అనంతగిరి ఘాట్‌లో ఎక్కడో ఓ కొమ్మ విరిగి తీగల మీద పడితే చాలు, తెల్లారేదాకా చీకటే! 1955లో మొదలైన మాచ్‌ఖండ్, ఆ తర్వాత వచ్చిన సీలేరు జలవిద్యుత్ కేంద్రాలున్నది ఈ తూర్పు కనుమల్లోనే. దీపం కింద చీకటంటే ఇదేనేమో.

సరే, కరెంటు ఎప్పటికైనా వస్తుంది. కానీ దానితోపాటు నెట్ కూడా వస్తుందా? ఈ వారం మన కబుర్లు దాని గురించే.

కొండ మీద ఓ ఆశ్రమ పాఠశాల ఉందనుకుందాం. అక్కడో పాత కంప్యూటరు. విండోస్ బరువు మొయ్యలేకపోతోందని మాస్టారు దాంట్లో లినక్స్ వేశారు. మంచి పనే చేశారు. పాఠాలూ పుస్తకాలూ అందులో పెట్టారు. ఆఫీసు గదిలో ఉన్న రూటరు నుంచి కంప్యూటరు గదిదాకా తీగ లాగడం కష్టమని వైఫైతో కలిపారు. పిల్లల ట్యాబ్‌లన్నీ ఆ కంప్యూటరు నుంచే పాఠాలు తీసుకుంటాయి. శనివారం సాయంత్రం మాస్టారు శృంగవరపుకోటలో ఇంటికి వెళ్లారు. రాత్రి కరెంటు పోయింది, పొద్దున్నే వచ్చింది. కాసేపటికి వాచ్‌మన్ నుంచి ఫోను.

‘‘మాస్టారండీ, కంప్యూటరు వెలిగిందండి. గానీ ట్యాబుల్లో ఏమీ రావట్లేదంటున్నారండి పిల్లలు. ఇదేదో పాస్‌వర్డ్ అడుగుతోందండి.’’

‘‘అది నా సొంత పాస్‌వర్డ్ బాబూ, ఫోన్లో ఎలా చెప్పనూ? సోమవారం పొద్దున్నే వచ్చేస్తాగా.’’

ఆదివారం పిల్లలకు ఖాళీగా దొరికే రోజు. ఆ ఒక్క రోజూ కంప్యూటరు ఉండీ లేనట్టే! యంత్రం చెడిపోలేదు, రూటరు చెడిపోలేదు, టవరు పనిచేస్తోంది. మరి లోపం ఎక్కడ?

తాళంచెవి ఎవరి జేబులో ఉందన్న దగ్గరుంది. కంప్యూటరు ఆన్ చేయగానే ముందు యంత్రం లేస్తుంది, ఆ తర్వాత మనిషి పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికి వెళతాడు. ఈ రెండూ వేర్వేరు ఘట్టాలు. మనం రోజూ రెండూ ఒకదాని వెంట ఒకటి చేసేస్తాం కాబట్టి తేడా తెలియదు. వైఫై పాస్‌వర్డును లినక్స్ రెండు చోట్ల దాచగలదు. ఒకటి, యంత్రం దగ్గర. అప్పుడు ఎవరూ లాగిన్ కాకపోయినా యంత్రం తనంతట తాను నెట్‌కు కలుస్తుంది. రెండోది, మనిషి ఖాతాలో. ‘కీరింగ్’ అనే తాళాలగుత్తిలో పెట్టి, ఆ మనిషి లాగిన్ అయితేనే తీస్తుంది. మాస్టారి విషయంలో జరిగింది ఈ రెండోదే. కంప్యూటరు లేచింది కానీ, తాళంచెవి శృంగవరపుకోటలో ఉండిపోయింది.

అన్ని లినక్స్‌లూ ఒకేలా చేయవు. యజమాని హక్కులున్న ఖాతాతో వైఫైకి కలిపితే చాలావాటిలో పాస్‌వర్డు అడక్కుండానే యంత్రం దగ్గరకు వెళుతుంది. మామూలు ఖాతాతో కలిపితే ఆ ఖాతాలోనే ఉండిపోతుంది. కేడీఈ అనే తెర వాడేవాళ్లకు ‘వాలెట్’ తెరవమని అడిగే డబ్బా బాగా పరిచయమే కదా, అదీ ఈ బాపతే. కాబట్టి ఊహించుకోవడం కాదు, తెరిచి చూసుకోవాలి.

ఎలా చూడాలి? ఉబుంటులాంటి వాటిలో సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు మీద నొక్కండి. అక్కడ ‘కనెక్ట్ ఆటోమేటికల్లీ’ అని ఒకటీ, ‘మేక్ అవైలబుల్ టు అదర్ యూజర్స్’ అని ఇంకొకటీ ఉంటాయి. మొదటిది అందరూ పెట్టుకుంటారు. రెండోదాన్ని చూసి, ‘వేరేవాళ్లకెందుకివ్వాలీ’ అనుకుని వదిలేస్తారు. నిజానికి దాని అర్థం ‘యంత్రానికే ఇచ్చెయ్’ అని! మింట్‌లాంటి వాటిలో ‘నెట్‌వర్క్ కనెక్షన్స్’ అనే కిటికీ తెరిస్తే, జనరల్ విభాగంలో ‘ఆల్ యూజర్స్ మే కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్’ అని కనిపిస్తుంది. అక్కడ టిక్కు పెట్టి, సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లండి. పాస్‌వర్డు డబ్బాకి కుడిచివర ఓ బుల్లి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, అందరు యూజర్లకూ దాచమని చెప్పాలి. ఈ బుల్లి బొమ్మను మర్చిపోయి, టిక్కు పెట్టినా పని కాలేదని తలపట్టుకునేవాళ్లే ఎక్కువ.

చాలామంది ఇంకో అడ్డదారి తొక్కుతారు. లాగిన్ అక్కర్లేకుండా కంప్యూటరు నేరుగా తెరుచుకునేలా ఆటో లాగిన్ పెట్టేస్తారు. దాంతో రెండు నష్టాలు. దారినపోయే ప్రతివాడికీ కంప్యూటరు బార్లా తెరిచినట్టవుతుంది. అంతా చేసి పని కూడా కాదు. ఎందుకంటే మీరు పాస్‌వర్డు కొట్టలేదు కాబట్టి తాళాలగుత్తి తెరుచుకోదు. ‘కీరింగ్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటూ తెర మధ్యలో డబ్బా నిలబడుతుంది. మళ్లీ మొదటికే!

యంత్రం దగ్గర దాస్తే భద్రత మాటేమిటని అడుగుతారా? అడగాల్సిందే. పాస్‌వర్డు ‘ఎటీసీ’ అనే ఫోల్డరులో మామూలు అక్షరాల్లో ఉంటుంది. యజమాని ఖాతా తప్ప ఇతరులు చదవలేరు. కానీ డిస్కు ఊడదీసి పట్టుకెళ్లినవాడు చదవగలడు. డిస్కు మొత్తానికీ తాళం వేద్దామంటే, కంప్యూటరు లేచేటప్పుడే ఆ తాళం తీయమని ఆగిపోతుంది. కరెంటు తరచూ పోయే ఊళ్లో, మనిషి లేని గదిలో ఉన్న యంత్రానికి అది కుదరదు. నా సలహా ఒకటే. అతిథులకూ పిల్లల ఫోన్లకూ రూటర్లో వేరే నెట్‌వర్క్, వేరే పాస్‌వర్డు పెట్టండి. యంత్రానికిచ్చిన పాస్‌వర్డును ఇంకెక్కడా వాడకండి. బ్యాంకుకీ దానికీ ఒకటే పాస్‌వర్డు పెట్టుకునే మహానుభావుల గురించి మాత్రం నేనేమీ చెప్పలేను.

ఇప్పుడు ఇది టిక్కుల మీద అయిపోతోంది కానీ, ఒకప్పుడు లినక్స్‌లో వైఫై అంటే ఓ యజ్ఞం. 2005లో ‘స్వేచ్ఛ’ బృందం తెలుగు లినక్స్ తెచ్చింది. 2007లో చెన్నైలోని సీ-డ్యాక్ ‘బాస్’ లినక్స్ విడుదల చేసింది. తెర మీద తెలుగు చూసి మురిసిపోయాం. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పనిచేసేది కాదు. చిప్ తయారుచేసే కంపెనీలు విండోస్‌కే డ్రైవర్లిచ్చేవి. ఆ విండోస్ డ్రైవరునే పట్టుకొచ్చి లినక్స్‌లో నడిపించే ‘ఎన్‌డిస్‌ర్యాపర్’ అనే ఉపాయం ఉండేది. ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి! రోకలి కోసం పక్కింటికీ, రోలు కోసం ఎదురింటికీ తిరిగినట్టుండేది. ఈ గొడవ డెబియన్‌వాళ్లకు మొన్నమొన్నటిదాకా ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా వద్దా అని 2022లో ఓట్లు వేసుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి కలిపి ఇస్తున్నారు.

నెట్‌వర్కుల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ల దృష్టంతా వేగం మీదే. ఎన్ని ఎంబీలు, ఎన్ని జీబీలు! పల్లెల్లో ముందు కావాల్సింది అది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేదన్న కాలంలో, అంటే 2005 ప్రాంతంలో, వైఫైతో ఊళ్లను కలిపే ప్రయోగాలు దేశంలో చాలా జరిగాయి. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పొడవాటి స్తంభాలు నిలబెట్టి, దూరదూరంగా ఉన్న ఊళ్లకు పాఠాలూ వైద్యసలహాలూ పంపింది. తమిళనాడులో తేని దగ్గర అరవింద్ కంటి ఆస్పత్రి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవాళ్లు కలిసి, పల్లెల్లోని కంటి కేంద్రాల నుంచి వైఫై మీద వీడియోలో రోగుల్ని పట్నం డాక్టర్లకు చూపించారు. అక్కడ స్తంభాల మీద కూర్చున్నవి లినక్స్ నడిచే బుల్లి కంప్యూటర్లే.

ఆ తేని అనుభవాన్ని పరిశోధకులు 2008లో రాశారు. దూరం, వాన, కొండ... ఇవేవీ కాదట పెద్ద సమస్య. కరెంటు! ఓల్టేజీ ఎగుడుదిగుడులకు మెమరీ కార్డులు పాడవడం, యంత్రం సగం లేచి సగంలో ఉండిపోవడం. అక్కడుండే సిబ్బందికి పోయింది తీగో, రూటరో, యంత్రమో తెలిసేది కాదు. తెలిసినవాళ్లు పట్నం నుంచి రావాలి. అందుకని మెమరీ కార్డు మీద యంత్రం ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే ఉండేలా మార్చారు. పడిపోయినా తనంతట తాను లేచేలా చూసుకున్నారు. అరకుకీ ఇదే పాఠం వర్తిస్తుంది. ఘాట్ రోడ్డు దిగి ఎక్కి రావాల్సిన మనిషి కోసం ఎదురుచూడాల్సిన చోట, యంత్రం తనంతట తాను లేవడమే అసలు సంగతి.

టవర్లు ఇప్పుడు మునుపటికన్నా నయం. మొబైల్ సిగ్నలే లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో కేంద్రం నిర్ణయించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభిస్తే, అందులో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆన్‌లైన్ పాఠాల కోసం ఏజెన్సీ పిల్లలు సిగ్నలున్న గుట్టలెక్కి కూర్చున్న ఫొటోలు చూశాంగా. టవరు ఊరిదాకా వచ్చాక, ఓ టిక్కు పెట్టని పాపానికి గదిలో నెట్ రాకపోతే ఎంత అన్యాయం!

ఇక టిక్కు పెట్టినా పని కాకపోతే చూడాల్సినవి కొన్ని. అసలు కంప్యూటరే లేవడం లేదా? డెస్క్‌టాప్ అయితే బయోస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్న చోట ‘పవర్ ఆన్’ అని పెట్టండి. ‘ఏసీ పవర్ లాస్’ అన్న మాట ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. ఇది లినక్స్ పని కాదు, మదర్‌బోర్డు పని.

కంప్యూటరు లేచింది గానీ తెర మీద నిమిషం, రెండు నిమిషాలు ఏదో వరస కదలకుండా ఉందా? నెట్‌వర్కు కోసం ఎదురుచూస్తోందన్నమాట. కరెంటు రాగానే కంప్యూటరూ రూటరూ ఒకేసారి లేస్తాయి కానీ రూటరు బద్ధకస్తురాలు. తన సంకేతం పంపడానికే కాస్త టైము తీసుకుంటుంది. కంగారుపడి స్విచ్ ఆపేయకండి. ఇప్పుడు ఎక్కువ లినక్స్‌లలో ఉండే ‘నెట్‌వర్క్ మేనేజర్’ అనే ప్రోగ్రాము వెతుకుతూనే ఉంటుంది. ఒకవేళ రూటరు కనిపించి, కలవబోయి నాలుగుసార్లు విఫలమైతే మాత్రం అయిదు నిమిషాలు అలిగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ అయిదు నిమిషాల ఓపిక లేక పాడైపోయిందనుకుని రీస్టార్ట్ కొట్టేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. రూటరుకి చిన్న యూపీఎస్ ఒకటి కొంటే సగం బాధ పోతుంది. పన్నెండు ఓల్టులవి బజార్లో దొరుకుతున్నాయి.

నెట్‌వర్కు పేరే కనిపించడం లేదా? ల్యాప్‌టాప్ అయితే పక్కన వైఫై మీట ఆఫ్‌లో ఉందేమో చూడండి. అది బాగానే ఉంటే రూటరు 12, 13 ఛానళ్ల మీద నడుస్తోందేమో గమనించండి. మన దేశంలో అవి వాడొచ్చు కానీ, కంప్యూటరు తాను అమెరికాలో ఉన్నాననుకుంటే వాటివైపు చూడదు. దేశం ఇండియా అని పెట్టాలి, లేదా రూటరును ఆరో ఛానలుకి మార్చాలి.

రాస్ప్‌బెరీ పై వాడేవాళ్లకో మాట. పాత పుస్తకాల్లో చెప్పినట్టు మెమరీ కార్డులో పాస్‌వర్డు ఫైలు ఒకటి పెడితే సరిపోయేది ఒకప్పుడు. 2023 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి అది నడవదు. కార్డు తయారుచేసే ‘ఇమేజర్’లోనే దేశం, నెట్‌వర్కు పేరు, పాస్‌వర్డు ఇచ్చేయాలి. గడియారం బ్యాటరీ లేకపోవడం వల్ల అది తేదీ మర్చిపోతుంది కూడా. కంగారేమీ లేదు. వైఫైకి తేదీతో పనిలేదు. నెట్‌కు కలిశాక తేదీ అదే సరిచేసుకుంటుంది. అప్పటిదాకా మాత్రం కొన్ని వెబ్‌సైట్లు భద్రత లేదంటూ మొరాయిస్తాయి.

రూటరు లేక ఫోను హాట్‌స్పాట్ మీదే నడిపేవాళ్లూ ఏజెన్సీలో తక్కువేం కాదు. రెండూ ఉంటే ‘కనెక్ట్ ఆటోమేటికల్లీ’ పక్కనే ప్రాధాన్యం అంకె ఇవ్వొచ్చు. రూటరుకి పెద్ద అంకె, ఫోనుకి చిన్న అంకె. రూటరుంటే దానికి, లేకపోతే ఫోనుకి వెళుతుంది. ఆండ్రాయిడ్ ఫోనైతే అది మీటరున్న కనెక్షనని లినక్స్ తానే గుర్తుపడుతుంది కాబట్టి, అప్‌డేట్ల పేరుతో మీ రోజువారీ డేటా ఊడ్చేస్తుందన్న భయం కొంత తక్కువ.

చివరగా పరీక్ష. ఉబుంటు అయితే కంప్యూటరు మళ్లీ ఆన్ చేసి, పేర్లు కనిపించే తెర రాగానే ఆగిపోండి. పాస్‌వర్డు కొట్టొద్దు, మౌసు ముట్టొద్దు. రెండు మూడు నిమిషాల తర్వాత పైన కుడిమూల చూడండి. వైఫై విసనకర్ర గుర్తు నిండుగా కనిపిస్తే యంత్రం తనంతట తాను కలిసినట్టే. కనిపించక, మీరు లోపలికెళ్లాకే వస్తే తాళంచెవి ఇంకా మీ జేబులోనే ఉంది. ఇది కుదిరాక, కంప్యూటరును మామూలుగా షట్‌డౌన్ చేసి, దాన్నీ రూటర్నీ కలిపి ప్లగ్గు పీకి, పది నిమిషాలాగి ఒకేసారి పెట్టి చూడండి. బయోస్‌లో ‘పవర్ ఆన్’ పెట్టిన డెస్క్‌టాప్ మీట నొక్కకుండానే లేవాలి.