బంగారం ఇచ్చినవారే ప్రశ్నలూ వేశారు

యుద్ధ సమయంలో సైన్యానికి ప్రజల మద్దతు గురించి రాసేవారు, ప్రసంగించేవారు తరచుగా మూడు వేర్వేరు నమ్మకాలను ఒకే మూటలో కట్టేస్తుంటారు. సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడిన జవానుమీద నమ్మకం ఒకటి, ఆ జవానును ఏ కొండకు ఎప్పుడు పంపాలో తేల్చే సేనాధిపతులమీద నమ్మకం రెండవది, ఆ యుద్ధానికి దారితీసిన నిర్ణయాలు చేసిన ప్రభుత్వంమీద నమ్మకం మూడవది. ఈ మూడింటిలో మొదటిది ప్రజల్లో దాదాపు ఎల్లవేళలా నిండుగానే ఉంటుంది. తక్కిన రెండూ ఆ మొదటిదాని చాటున దాక్కోవడంవల్లనే, మంత్రిని అడిగిన ప్రశ్న జవానుకు జరిగిన అవమానంగా చిత్రితమవుతూ ఉంటుంది. ఇది అనివార్యం కాదనడానికి మన చరిత్రలోనే, అదీ ఓడిపోయిన యుద్ధంలోనే, బలమైన సాక్ష్యం ఉంది.

1962 అక్టోబరు 20న చైనా సేనలు నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్‌కా చూ వాగు దాటి దాడి చేసినప్పుడు, ఆ వాగు వెంట ఉన్న భారత ఏడవ బ్రిగేడు జవానుల్లో చాలామంది హిమాలయాల చలికి ఏమాత్రం చాలని నూలు దుస్తుల్లో, రెండవ ప్రపంచ యుద్ధంనాటి .303 రైఫిళ్ళతో, కొద్దిపాటి తూటాలతో ఉన్నారు. వెంటనే కేంద్ర ప్రభుత్వం జాతీయ రక్షణ నిధిని, అంటే సాయుధ దళాల అవసరాలకూ వారి కుటుంబాల సంక్షేమానికీ ప్రజలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాలతో మాత్రమే నడిచే నిధిని, ఏర్పాటు చేసింది. స్త్రీలు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. ఇందిరా గాంధీ తన నగలు ఇచ్చారు. సైన్యంలో చేరడానికి యువకులు బారులు తీరారు.

అయితే అవే వారాల్లో దేశం మరో పని కూడా చేసింది. జనసంఘ్ తరఫున రాజ్యసభలో ఉన్న వాజ్‌పేయి వంటివారు పార్లమెంటును ముందుగా సమావేశపరచాలని కోరగా, యుద్ధం ఇంకా సాగుతుండగానే నవంబరు 8న సమావేశాలు మొదలయ్యాయి; చర్చను రహస్యంగా జరపాలన్న సూచన వచ్చినా నెహ్రూ అంగీకరించలేదు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ రాజీనామాకు సొంత పార్టీ సభ్యులే పట్టుబట్టడంతో, సభ కూడడానికి ముందు రోజే ఆయన మంత్రివర్గం నుంచి వైదొలగవలసి వచ్చింది. అంతమాత్రాన విరాళాలు ఆగిపోలేదు, జవానుల మనోధైర్యం చెదిరిందని ఆనాడు ఎవరూ గగ్గోలు పెట్టలేదు. సరైన బూట్లు లేకుండా మనుషులను మంచులోకి ఎవరు పంపారని అడగడం, ఆ బూట్లకోసం గాజులు తీసి ఇవ్వడం ఒకే మమకారంలోంచి వచ్చాయి.

సైనికుడిని నమ్మడం అనే మాటకు అసలు అర్థమేమిటో తెలియాలంటే అదే యుద్ధంలోని రెజాంగ్ లా పోరాటాన్ని కొంచెం నిదానంగా చూడవలసి ఉంటుంది. లడఖ్‌లోని చుషూల్ దగ్గర, సుమారు 16,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ కనుమను మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో కుమావోన్ రెజిమెంటు 13వ బెటాలియన్‌కు చెందిన సుమారు 120 మంది కాపాడుతున్నారు. నడుమ అడ్డంగా ఉన్న శిఖరంవల్ల వెనుకనున్న మన ఫిరంగులు వారికి అక్కరకు రాలేదు. నవంబరు 18 నాటి పోరులో వారిలో 110 మందికి పైగా మరణించారు. ప్రాణాలతో వచ్చిన కొద్దిమంది చెప్పిన వృత్తాంతాన్ని మొదట చాలామంది నమ్మలేదని ఆ పోరాటాన్ని గురించి రాసినవారు నమోదు చేశారు. 1963 ఫిబ్రవరిలో, ఒక గొర్రెల కాపరి చూసి చెప్పిన తరువాత వెళ్ళిన బృందానికి, కందకాల్లో గడ్డకట్టిన దేహాలు, చేతుల్లో ఆయుధాలతో అలాగే కనిపించాయి. ఊరూరా జేజేలు అందుకున్న సైన్యంలోనే, బతికి వచ్చిన జవాను మాటను నమ్మడానికి మృతదేహాలు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించింది.

నినాదాలు ఎంత దూరం పోతాయో చూపడానికి హైదరాబాదు కథ ఒకటి చాలు. 1965 పాకిస్తాన్ యుద్ధ కాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రక్షణ నిధికి అయిదు టన్నుల బంగారం దానమిచ్చారన్న మాట నేటికీ ప్రచారంలో ఉంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే అటువంటి దానం వివరమేదీ బయటపడలేదు. జరిగిందేమిటంటే, ఆయన 425 కిలోల బంగారాన్ని 6.5 శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టారు. అంటే ప్రభుత్వానికి బంగారం అప్పుగా ఇచ్చి, గడువు తీరాక తిరిగి పుచ్చుకునే పత్రం తీసుకున్నారు. అదీ దేశానికి అక్కరకు వచ్చిన సాయమే, దాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. పేరు తెలియని స్త్రీలు తిరిగిరాదని తెలిసీ ఇచ్చిన గాజులు మాత్రం ఏ కథలోకీ ఎక్కలేదు.

1999 కార్గిల్ యుద్ధంలో టెలివిజన్ పుణ్యమా అని పోరాటం ఇళ్ళలోకే వచ్చింది, అమరుల భౌతికకాయాలు సొంత ఊళ్ళకు చేరాయి, హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య వంటివారి పేర్లు ఇంటింటా వినిపించాయి. ఆ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘాన్ని వేసింది. గూఢచారి వ్యవస్థ వైఫల్యాలను ఎత్తిచూపిన ఆ సంఘం నివేదిక, కొన్ని భాగాలు మినహా, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. దానివల్ల సైన్యంమీద ప్రజల గౌరవం వీసమెత్తు తగ్గలేదు.

తగ్గేది మరోచోట, తుపాకులు మౌనం వహించాక. ఒకే హోదాలో ఒకే కాలం పనిచేసినవారికి, ఏ సంవత్సరంలో పదవీ విరమణ చేసినా, ఒకే పింఛను ఇవ్వాలన్న కోరికతో 2015లో జంతర్ మంతర్ వద్ద కూర్చున్న మాజీ సైనికులను స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజున పోలీసులు అక్కడినుంచి లాగి పంపించాలని చూశారు. 1965 యుద్ధానికి స్వర్ణోత్సవాలు జరిగిన సంవత్సరం కూడా అదే. తెలుగునాట మాజీ సైనికులకు ప్రభుత్వం కేటాయించిన భూములను పదేళ్ళ తరువాత అమ్ముకోవచ్చునని నియమం ఉన్నా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదంటూ రిజిస్ట్రేషన్ ఆగిపోవడం, నిరభ్యంతర పత్రంకోసం తహసీల్దారు కార్యాలయం నుంచి కలెక్టరేటు దాకా తిరగడం చాలాకాలంగా పరిపాటి. యుద్ధం నాడు జెండా పట్టిన చేతులు ఈ దస్త్రం కదలడానికి ఎన్నడూ లేవలేదు.

1962 ఓటమిమీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్ రూపొందించిన సైనిక విచారణ నివేదిక 1963లోనే ప్రభుత్వానికి అందింది. నాటి రక్షణ మంత్రి చవాన్ దాని సారాంశాన్ని మాత్రం పార్లమెంటుకు చెప్పారు. 2014లో దానిలోని కొంత భాగాన్ని బయటపెట్టినది కూడా ఒక విదేశీ పాత్రికేయుడే. ఆరు దశాబ్దాలు దాటాక ఇందులో మిగిలిన రహస్యం శత్రువుకు పనికివచ్చేది కాదు, ఆనాటి పెద్దల పరువుకు సంబంధించినది. నామ్‌కా చూ వద్ద నూలు దుస్తుల్లో నిలబడినవారి మనుమలకు ఆ పుటలను చదివే హక్కు ఉంది. ప్రభుత్వం ఆ నివేదికను పూర్తిగా ప్రచురించాలి.